లోపలి ఆకు

స్టూడియో మూసి మూడేళ్లు.
పామూరు రోడ్డులో షట్టరు మీద పేరు ఇంకా పోలా,
'మాల్యాద్రి ఫోటోస్'లో 'స్' ఒక్కటే రాలిపోయింది.
ఇప్పుడు నా దగ్గరికి పెళ్లికూతుళ్లు రారు,
వస్తువులొస్తాయి.

ఫోన్లో పాటకు పెట్టాలంట, ఒక ఫోటో తియ్యన్నా అని
రోశమ్మ కాలిమిషను,
ఖాజాపీరు వాళ్ల తాత ఇత్తడి మరచెంబు,
ఎవరిదో పింగాణీ జాడీ, మూత లేనిది.

ఫ్లాషు వెయ్యబాక అంటాను.
ఇత్తడి మీద ఫ్లాషు పడితే
వెలుగే కనపడద్ది, ఇత్తడి కనపడదు.
పొద్దున్నే ఎనిమిదింటికి, ఉత్తరం కిటికీ దగ్గర
ఉతికిన పంచె పరిచి దాని మీద పెట్టు.
వెనకమాల ఆరేసిన లుంగీలూ, గ్యాసు బండా
నీ జాడీతో పాటు అమ్మకానికి లేవు గదా.
పక్కన ఒక రూపాయి బిళ్ల ఉంచు.
ఎక్కడో ఉన్న మనిషికి
నీ జాడీ జానెడో మూరెడో ఎట్టా తెలుస్తది?
బోర్లించి అడుగు కూడా తియ్యి,
అన్నీ తెలిసినోడు ముందు అడుగే చూస్తాడు.

పగులు దాచమంటే మాత్రం
నేను తియ్యను. పొమ్మంటాను.

కందుకూరు పొగాకు వేలానికి
మా నాయన బేలు కట్టిన రాత్రి నాకు పదకొండేళ్లు.
పైన నిమ్మపండు రంగు ఆకు,
నడిమధ్యన వానకు నల్లబడిన మచ్చాకు.
లాంతరు పట్టుకుంది నేనే.
తెల్లారి బేళ్ల వరసల మధ్య
కంపెనీ మనిషి నడుచుకుంటా వచ్చి
పై ఆకు వంక చూడను కూడా చూడలా.
మోచేతి దాకా చెయ్యి దూర్చి
లోపలి ఆకు లాగాడు.
వాసన చూసి కింద పడేశాడు.
చీటీ మీద 'నో బిడ్'.
తిరిగొచ్చేటప్పుడు నాయన బండెక్కలా,
ఎద్దుల పక్కన నడిచాడు
వలేటివారిపాలెం పొలిమేర దాకా.
లాంతరు నా ఒళ్లోనే ఉంది, ఆరిపోయి.

ముప్పైయేళ్లు ఎవురెవురి మొహాలకో
మచ్చలు చెరిపి బతికా, కాదనను.
మొహం అమ్మకానికి కాదు గదా అనుకునేవాణ్ణి.

మొన్న నా యాషికా వంతొచ్చింది.
దాని ఫోటో అది తీసుకోలేదు,
పక్క మొబైల్ షాపు సందానీ ఫోను అడుక్కొచ్చా.
ముందూ వెనకా తీశా,
తోలు లేచిపోయిన మూల తీశా,
కింది కటకంలో సాలెపోగంత బూజును
టార్చి వేసి మరీ తీశా.
మీటరు పనిచెయ్యదని రాశా.

రెండు రోజులు ఎవురూ పాడలా.
మూడోనాడు హుబ్లీ నుంచి ఒకాయన అడిగాడు:
పై కంట్లో ఏదో మచ్చ ఉందే, మనిషి మాదిరి?

వేళ్లతో పెద్దది చేసి చూశా.
నేనే. కందిగింజంత.
బనీను మీద, ఫోను ఎత్తి పట్టుకుని.
వెనక సగం లేచిన షట్టరు,
షట్టరు కింద రోడ్డు,
రోడ్డు మీద బొప్పాయిల బండి.

ఊరందరికీ చెప్తా వచ్చిన తప్పు.
మెరిసే వస్తువు తీసేటప్పుడు పక్కకి జరగండయ్యా,
లేకుంటే మీరు పడతారని.

మళ్లీ తీద్దామని పంచె పరిచా.
కాసేపు నిలబడి
మళ్లీ మడిచి పెట్టా.

హుబ్లీ ఆయనకు రాశా:
అది మచ్చ కాదు సార్.
ఆ మనిషి దాంతో పాటు రాడు.

నేను పెట్టిన ధర మీద
నాలుగొందలు పెంచి పాడాడు.

రాత్రి తొమ్మిదింటికి గడువు.
ఇక్కడ ఒకటోసారి, రెండోసారి అని అరిచేవాళ్లు లేరు,
అంకెలు తగ్గతా ఉంటయ్, అంతే.
ఇంకా పది నిమిషాలుందనగా
చార్జింగ్ అయిపోతందని
ఫోను సందానీకి ఇచ్చేసొచ్చా.
పంచె మీద యాషికా అట్టానే ఉంది,
రూపాయి బిళ్ల కూడా.